మీటరు ముల్లు

పోయిన వారం మనం పిచ్చుకను అక్క ఇంటి గుమ్మంలో, చెప్పులు కూడా విప్పనివ్వకుండా వదిలేసి వచ్చాం.

పిచ్చుక అన్న పేరు అక్క పెట్టిందే. చిన్నప్పుడు అందరికంటే పొట్టిగా ఉండి, కనిపించిన ప్రతిదాన్నీ పొడిచి చూసేదని. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు, పొడిచి చూసే గుణమూ పోలేదు. మామగారి పళ్ళ ల్యాబులో మైనంతో దంతాలు చెక్కడం, వాటికి క్యాపులు తయారుచేయడం ఆమె పని. ఏడు నెలల కిందట అక్క ఎడమ దవడ పంటికి బంగారు క్యాపు చేసిందీ ఆమే. "మా చెల్లి చేతి నగ" అంటూ అక్క నోరంతా తెరిచి పదిమందికీ చూపించుకుంది.

అక్క దర్జీ పని చేస్తుంది. గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకోవడం పాతికేళ్ళ అలవాటు. నెల తిరక్కుండానే ఆ సూది క్యాపుకు తగిలితే జివ్వుమనడం మొదలైంది. తర్వాత నోట్లో తుప్పు రుచి. తర్వాత నాలుక మంట, తలపోటు, నిద్ర లేకపోవడం. పళ్ళ డాక్టరు టార్చి వేసి చూసి "క్యాపు భేషుగ్గా ఉందమ్మా" అన్నాడు. ఇంకో డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. అప్పుడు వచ్చాడు మీటర్ మాస్టారు. తన కళ్ళజోళ్ళ షాపులో ఎవరో కస్టమరు చెప్పారని బావే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. నోట్లోని లోహం యాంటెన్నాలా పనిచేస్తోందనీ, ఫోన్ల తరంగాలూ కరెంటు వైర్ల తరంగాలూ పళ్ళగుండా తలలోకి దిగుతున్నాయనీ ఆయన తేల్చాడు. అక్క ఇల్లు ఆనాటినుంచి ఇల్లులా లేదు. రేపు పొద్దున పదింటికి ఆయనకు తెలిసిన ఒకాయన దగ్గర, క్యాపూ పాత వెండి సిమెంట్లూ కలిపి లోహం ఉన్న ఎనిమిది పళ్ళూ పీకించుకోవడానికి అక్క ఒప్పేసుకుంది.

"నా ముందు ఒక్కసారి కొలిచి చూపించమను. నిజమైతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను" అని పిచ్చుక పంతం పట్టింది. అందుకే ఇవాళ వచ్చింది.

తలుపు తీసింది బావ. "రా అమ్మా" అన్నాడు మెత్తగా. ఆయన గొంతు ఎప్పుడూ అంతే. పక్కింటికి వినిపించేలా మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "చీకటి, చూసుకుని నడువు."

పట్టపగలు పదకొండు గంటలు. కానీ ముందుగది మబ్బు కమ్మినట్టుంది. కిటికీ తెరల వెనక వెండిరంగు రేకు కుట్టి ఉంది. కుట్టు చూడగానే అక్క చేతిదని తెలుస్తుంది, ఒక్క వంకర లేదు. ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది, లోపల చిన్న దీపం వెలగడం లేదు. కుట్టుమిషను మోటారు విప్పి మూలన పెట్టారు. సగం కుట్టిన కోటు ఒకటి బొమ్మకు తొడిగి ఉంది. దాని ఒక చెయ్యి రెండు నెలలుగా గుండుసూదుల మీదే వేలాడుతోంది.

అక్క కుర్చీలో కూర్చుని ఉంది. చెంపలు పీక్కుపోయాయి. ఆమె మెడ ఇంత పొడుగని పిచ్చుకకు ఎప్పుడూ అనిపించలేదు.

"ఏమే, ఫోను బయట పెట్టావా?"

"ఆపేసి పెట్టానక్కా."

"ఆపేసినా వస్తాయట."

"అయితే మెట్ల మీద పెట్టొస్తాను" అని, నిజంగానే వెళ్ళి పెట్టొచ్చింది పిచ్చుక. వాదించడానికి రాలేదు మరి.

మీటర్ మాస్టారు భోజనబల్ల మీద సంచీ విప్పుతున్నాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మోసగాడి ముఖం ఉంటుందనుకుని వచ్చింది పిచ్చుక; ఎదురుగా ఉన్నది లెక్కల మాస్టారి ముఖం. పెట్టెలోంచి మీటరు తీశాడు. అరచెయ్యంత నల్లపెట్టె, అద్దం కింద సన్నటి ముల్లు, రెండు తీగలు.

"మీరు పళ్ళ పనివారట. మీకు తెలియనిది కాదు" అన్నాడు. "నేను మాటలు చెప్పను. ఇది చెబుతుంది."

"అదే కావాలండీ నాకు" అంది పిచ్చుక.

అక్క నోరు తెరిచింది. ఒక తీగ కొసను బంగారు క్యాపుకు ఆనించాడు. రెండో కొసను కింది పుప్పిపంట్లో ఎప్పుడో నింపించుకున్న వెండి సిమెంటుకు ఆనించాడు. ముల్లు లేచింది. సున్నా దగ్గర పడుకున్నది కాస్తా సగం దూరం పాకి, అక్కడ నిలబడి సన్నగా వణికింది.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతో కాదు. ఇన్నాళ్ళకు తన మాట ఒకటి సాక్ష్యం పలికిందన్న సంతోషం అది.

"చూశావా? చూశావుటే? పిచ్చుక నువ్వు, పిచ్చిది నేను అనుకున్నావు కదూ!"

"అనలేదక్కా."

"అనలేదు. అనుకున్నావు."

మీటర్ మాస్టారు తీగలు తీసి, తడి తుడిచి నెమ్మదిగా అన్నాడు. "ఇది గోడల్లోని వైర్ల నుంచీ ఆ ఎదురు మేడ మీది సెల్ టవరు స్తంభం నుంచీ వస్తున్న కరెంటమ్మా. నోట్లో లోహం లేనివాళ్ళకి ముల్లు కదలదు."

"సరే. అయితే మెయిన్ ఆపేద్దాం" అంది పిచ్చుక.

బావ లేచి వెళ్ళి తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ దించాడు. మళ్ళీ కొలిచారు. ముల్లు వచ్చి అదే గీత మీద నిలబడింది.

"పై ఇంట్లో, కింది ఇంట్లో కరెంటుంది కదా. స్తంభమూ ఉంది" అన్నాడు మాస్టారు.

పిచ్చుక ఈ మాట కోసమే కాచుక్కూచుంది. "మాస్టారూ, మా అక్క పడుకునే సామాన్ల గదికి గోడలు, పైకప్పు, తలుపు మొత్తం రేకు వేయించింది మీరే కదా?"

"అవును."

"అందులోకి తరంగాలు రావన్నారు?"

"రావు. అడుగడుగునా కొలిచి వేయించాను. అక్కడ ఫోను కూడా పలకదు."

"అయితే అక్కడ కొలుద్దాం."

మీటర్ మాస్టారు ఒక్క క్షణం ఆగాడు. తను తవ్విన గొయ్యి ఎంత లోతో అప్పుడే కనిపించినట్టుంది. కానీ వెనక్కి తగ్గలేదు, అది ఒప్పుకోవాలి. పెట్టె తీసుకుని ముందు నడిచాడు.

సామాన్ల గదిలో ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు. ఒక పరుపు, ఒక దిండు, నీళ్ళ సీసా. నాలుగు వైపులా రేకు. కొవ్వొత్తి వెలిగిస్తే వెయ్యి ముక్కలై మెరిసింది. అక్క ఇక్కడ నాలుగు నెలలుగా ఒంటరిగా పడుకుంటోందని తెలుసుగానీ, దిండు మీద తల పెట్టిన గుంట చూడటం ఇదే మొదటిసారి. పిచ్చుక ముఖం తిప్పుకుంది.

తలుపు మూశారు. బావ లోపల తలుపుకే ఆనుకుని జేబులోని మెత్తటి గుడ్డతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మాస్టారు తీగలు ఆనించాడు.

ముల్లు లేచింది. వెంట్రుకవాసి తేడా లేదు. అదే గీత.

మాస్టారు తీగలు తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. చివరికి మీటరును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. "మా ఆవిడకీ ఇలాగే ఉండేది. తలపోటు. ఇదే పెట్టెతో కొలిచాను. ముల్లు కదిలింది. కదిలింది కాబట్టి నమ్మాను."

"ముల్లు అబద్ధం చెప్పలేదండీ. దానికి మీరు చెప్పుకున్న అర్థమే వేరు." పిచ్చుక గొంతులో గెలుపు లేదు. "రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉమ్మి. అంతే. చిన్న బ్యాటరీ అయిపోతుంది. సిమెంటు పెట్టిన పంటికి చాక్లెట్ రేకు తగిలితే జివ్వుమంటుందే, అదే ఇది. గోడల్లోంచి రానక్కర్లేదు, స్తంభంలోంచి రానక్కర్లేదు. ఎంతోమంది నోళ్ళలో ఉంటుంది. చాలామందికి తెలియను కూడా తెలియదు. దీనికోసం ఎనిమిది పళ్ళు పీకించుకోవడం ఏంటక్కా? తలనొప్పి వస్తే తల తీసేసుకుంటామా?"

అక్క చేయి చాపి, గోడమీద రేకు అంచు ఒకటి పట్టుకుని లాగింది. చర్రుమని చిరిగింది. "ఇదంతా నేనే కుట్టాను" అంది. "వేళ్ళన్నీ కోసుకుపోయాయి." అని నవ్వింది. నాలుగు నెలల తర్వాత అక్క నవ్వు విని పిచ్చుకకు ఏడుపొచ్చింది. బావ కూడా నవ్వాడు. "పోనీలే, పీడా పోయింది. పద, తలుపులు తీద్దాం."

అక్కడితో కథ అయిపోతే బాగుండును.

అక్క లేవలేదు. నవ్వు మొహం మీదే ఉంది గానీ, కళ్ళు దేన్నో లెక్కగడుతున్నాయి. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు మనసులో కూడుకునే చూపు అది.

"సరేనే. బ్యాటరీ అన్నావు. చాలామందికి తెలియదన్నావు. మరి నాకెందుకు మంట? క్యాపు చుట్టూ చిగురు ఎందుకు నల్లబడింది? బంగారం చిగురుని నల్లబరుస్తుందా?"

పిచ్చుక కొవ్వొత్తి దగ్గరకు తెచ్చి చూసింది. క్యాపు అంచు వెంబడి కాటుక గీసినట్టు సన్నటి నల్లగీత. పోయిన నెల చూసినప్పుడు అంత లేదు.

"నల్లబరచకూడదు" అంది మెల్లిగా.

"ఉండు." అక్క తన వేలి ఉంగరం తీసింది. అమ్మ ఉంగరం, అరిగి పల్చబడింది. "ఇది బంగారం. నోట్లోదీ బంగారం. రెండు వేర్వేరు లోహాలైతేనే ముల్లు లేస్తుందన్నావు. బంగారానికీ బంగారానికీ పెడితే?"

"పెద్దగా లేవకూడదు. క్యాపులో వేరే లోహాలు కొద్దిగా కలుస్తాయి కాబట్టి ఏ కాస్తో కదులుతుంది."

"పెట్టండి మాస్టారూ."

"ఇంక చాల్లేవోయ్" అన్నాడు బావ. గుడ్డ పట్టుకున్న చేయి ఆగింది. "ఉంగరం నోట్లో పెట్టుకోవడమేంటి? మింగితే? చెల్లెలు చెప్పింది కదా, అయిపోయింది కదా."

"ఒక్క నిమిషమేగా" అంది అక్క. ఉంగరాన్ని నాలుక మీద, క్యాపుకు తగలకుండా పెట్టుకుంది. మీటర్ మాస్టారు తీగలు ఆనించాడు. ఒక కొస ఉంగరానికి. ఒక కొస క్యాపుకు.

ముల్లు ఒక్క దూకు దూకింది. ఇందాకటి గీత వైపుకే పరుగెత్తి, దానికి కాస్త ఇవతల ఆగింది.

పిచ్చుక ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయింది. మైనం చెక్కింది తను. కానీ లోహం కరిగించి పోసేది మామగారు ఒక్కరే. కొలిమి గది తాళంచెవి ఆయన మొలలోనే ఉంటుంది. పోసిన క్యాపును మళ్ళీ తన చేతికే ఇచ్చారు. అరచేతిలో పడగానే తేలికగా అనిపించింది. మైనం పల్చగా చెక్కానేమో అనుకుంది. రాపిడి రాయి పెడితే వచ్చిన ఘాటు వాసన కూడా కొత్తగా తోచింది. రాయి మార్చాలేమో అనుకుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా తనే దానికి ఒక సాకు తగిలించి పంపేసింది.

అక్క ఉంగరం తీసి, కొంగుకి తుడిచి, వేలికి పెట్టుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది.

"నీకు ఎన్నేళ్ళ నుంచి కుడుతున్నానే బట్టలు?"

"అక్కా..."

"నీ పదో ఏటి నుంచి. ఎప్పుడైనా లోపల లైనింగుకి నాసిరకం గుడ్డ వేశానా? లోపలేగా, కనబడదుగా అనుకున్నానా?"

"నాకు తెలియదక్కా. ఒట్టు. నాకు తెలియదు."

"నువ్వే చేశావుగా."

"చెక్కింది నేనే. పోసింది..." అని ఆగిపోయింది. మామగారి పేరు ఆ గదిలో పలకడానికి నోరు రాలేదు. తనకు ఆ పని నేర్పింది ఆయన. పెళ్ళైన కొత్తలో మైనం వేడికి వేళ్ళు కాలితే వెన్న రాసింది ఆయన. "సాయంత్రంలోగా కనుక్కుని వస్తాను. ఒక్క క్యాపు, అదొక్కటే తీయించాలి. ఒక్కటేనక్కా. నా ఎదురుగా, మంచి డాక్టరు దగ్గర. తీసిన క్యాపు నా చేతికి కావాలి, పరీక్షకి పంపిస్తాను. అందాకా ఎవరినీ నోట్లో చెయ్యి పెట్టనివ్వకు. మాటివ్వు."

అక్క తల ఊపింది. ఊపిందో, ఊరికే కదిలిందో చెప్పలేం.

పిచ్చుక మెట్ల మీది ఫోను తీసి ఆన్ చేస్తుంటే, బావ అక్కడిదాకా సాగనంపడానికి వచ్చాడు. "కంగారుపడకు మరదలా. నేనున్నాను కదా" అన్నాడు.

* * *

ల్యాబు చేరేసరికి మూడైంది. భోజనానికి వెళ్ళిన పనివాళ్ళు ఇంకా రాలేదు. బల్లల మీద ప్లాస్టరు దవడలు వరుసగా, పైపన్ను కిందిపన్ను కరుచుకుని కూర్చున్నాయి. చిన్న గ్యాసు దీపం ఒకటి నీలంగా వెలుగుతోంది. కొలిమి గది తలుపు ఓరగా తీసి ఉంది.

మామగారు స్టూలు మీద కూర్చుని మూస పగలగొడుతున్నారు. ఆమె ముఖం చూశారు. సుత్తి పక్కన పెట్టారు.

"అక్క క్యాపులో బంగారం లేదు మామయ్యగారూ."

ఆయన కాదనలేదు. అసలు ఆశ్చర్యపోలేదు కూడా. ఎప్పుడో రావాల్సిన మనిషి ఇవాళ వచ్చినట్టు చూశారు.

"లేదమ్మాయ్."

"ఏముంది?"

"రాగి. ఇంకా ఒకటి రెండు. రంగు మాత్రం బంగారంలా ఉంటుంది."

"ఇంకెంతమందికి వేశారు?"

"ఎవరికీ వెయ్యలేదు. నా ముప్ఫై ఏళ్ళ పనిలో అదొక్కటే. నమ్మితే నమ్ము." ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. "నీ అక్కకి బంగారం తూచి పక్కన పెట్టాను. ఆ సాయంత్రం మీ బావ వచ్చాడు."

పిచ్చుకకు మొదట అర్థం కాలేదు. "బావా? ఎందుకు?"

"బంగారం వద్దు, అలాగే కనబడే వేరేది వెయ్యమన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. నేను కుదరదన్నాను. అది నోట్లో నిలవదయ్యా, కొన్నాళ్ళకి చిగురు నల్లబడుతుంది, నోరు మండుతుంది, మనిషిని కుదురుగా ఉండనివ్వదు అని చెప్పాను." మామగారు గొంతు సవరించుకున్నారు. "అంతా విని, ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు."

"ఏమని?"

"'ఎన్నాళ్ళకి?' అన్నాడు."

బావ గొంతు పిచ్చుకకు చెవిలో వినిపించినట్టయింది. మెత్తగా, పక్కింటికి వినబడకుండా.

"తెలిసీ ఎలా వేశారు మామయ్యగారూ? ఏం చూపించి ఒప్పించాడు మిమ్మల్ని?"

మామగారు తల దించుకున్నారు. అంత పెద్దమనిషి మెడ అలా వంగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏదో చెప్పబోయారు.

సరిగ్గా అప్పుడే పిచ్చుక సంచీలో ఫోను మోగింది. బావ.

ఎత్తింది.

"నువ్వింక శ్రమపడి రావక్కర్లేదమ్మా" అన్నాడాయన. "రేపటిదాకా ఎందుకని ఇవాళే తీసుకొచ్చేశాను. కుర్చీలో కూర్చోబెట్టారు. మత్తు కూడా ఇచ్చేశారు."

"బావా, ఆపండి! ఒక్కటే తీయాలి, ఆ క్యాపు నాకు కావాలి! ఎక్కడున్నారు మీరు?"

"అన్నీ తీసేస్తున్నారులే. మళ్ళీ ఒక్కోదానికీ అనుమానాలెందుకు?"

ఆయన వెనకాల ఎక్కడో పళ్ళెంలో ఇనుప పనిముట్లు సర్దుతున్న చప్పుడు. దాని మీదుగా, నాలుక మొద్దుబారిపోయి మాటలు ముద్దముద్దగా వస్తున్న గొంతు ఒకటి వినిపించింది.

"ఎవరండీ? పిచ్చుకేనా? తనే రమ్మందా నన్ను ఇక్కడికి?"

"అవును" అన్నాడు బావ అక్కతో. "తనే."

ఫోను పెట్టేశాడు.